ఎండను పట్టు రాళ్లు, వాని లెక్కలు



నేను ముప్పదియైదు సంవత్సరములు పల్లెటూరి బడులలో లెక్కలును తెలుగును చెప్పి విశ్రమించినవాడను. బాల్యమున మా తండ్రిగారి యొద్ద అమరమును, కావ్యములును, కొంత తర్కమును చదివితిని. భౌతికశాస్త్రము నాకు గురుముఖమున వచ్చిన విద్య కాదు. అట్టివాడు సౌరఫలకముల లోపలి సంగతులు చెప్ప బూనుకొనుట సాహసమని మీలో కొందఱకు తోచవచ్చును. తోచుట న్యాయమే. అయినను ఈ ప్రసంగమునకు రెండు కారణములు కలవు.

మొన్నటి వేసవిలో మా యూరి రావిచెట్టు క్రింద కూర్చుండగా, ఎనుబది యేండ్లు నిండిన పెద్దమనిషి, నాకు బాబాయి వరుసవాడు, నన్ను నిలదీసి యడిగెను. "ఏమయ్యా పంతులూ! ఇప్పుడు ఇండ్లమీద పెట్టుకొన్న పలకలు పాతవైపోయినవట గదా. కొత్తరకము వచ్చుచున్నదట, చవుకట, దానిలో సీసమున్నదట. కంప్యూటరులో లెక్కవేసి ఇది భేషయినదని తేల్చినారట. లెక్క తేలినదని సీసము తెచ్చి నా చేనిలో పెట్టుకొందునా?" నాకు వెంటనే బదులు తోచలేదు. రెండవ కారణము మా మనుమరాలు. ఆ పిల్ల ఈ లెక్కలే వేయు విద్యార్థిని. సెలవులకు వచ్చినప్పుడు తాతకు నెల దినములు పాఠము చెప్పినది. నా అడ్డు ప్రశ్నలకు విసుగుకొనక చెప్పినది. నేడు నేను చెప్పబోవునది మా బాబాయికి నేనియ్యవలసిన బదులు. అందులోని మంచి ఆ పిల్లది, తప్పులున్నచో నావి.

మొదట సౌరఫలకము చేయు పని యేమో చూతము. మనలో పెద్దవారందఱును ఏతము తొక్కిన దినములను ఎఱిగినవారే. పల్లమున కాలువ నిండుగా నున్నది. మెరకన చేను ఎండి యున్నది. కాలువలోని నీరు తనంతట తాను చేనికి ఎక్కదు. ఎవరైన ఎత్తి పోయవలెను. ఎత్తి పోసిన పిదప ఆ నీరు బోదెల వెంట పాఱి పని చేయును. సౌరఫలకములో జరుగునదియు నిట్టిదే. ఘనపదార్థములలోని ఎలక్ట్రానులు తమ యిచ్చవచ్చిన శక్తితో నుండజాలవు. వానికి కొన్ని శక్తి పట్టీలు విధింపబడి యున్నవి. క్రింది పట్టీ కాలువ వలె అంచులదాక నిండి కదలక యుండును. పై పట్టీ ఎండిన చేను వలె ఖాళీగా నుండును. ఈ రెంటి నడుమ ఏ ఎలక్ట్రానును నిలువజాలని మేర యొకటి కలదు. దానినే శాస్త్రజ్ఞులు బ్యాండ్ గ్యాప్ అందురు. నేను దానిని అంతరమని పిలిచెదను. ఎండ వచ్చి ఎలక్ట్రానును క్రింది పట్టీనుండి పై పట్టీకి ఎత్తుచున్నది. ఎత్తబడిన ఎలక్ట్రానులు తీగ వెంట పాఱి మన యింట దీపము వెలిగించి మరల క్రిందికి వచ్చి చేరుచున్నవి.

వెలుతురు నీటిధార వలె ఎడతెగక వచ్చునది కాదు; చిన్న చిన్న మూటలుగా వచ్చునని 1905 లో ఐన్‌స్టీను చెప్పెను. ఒక్కొక్క మూట ఒక్కొక్క ఎత్తు. ఎఱ్ఱని వెలుతురు మూట బలహీనమైనది. ఎలక్ట్రాను వోల్టు అను కొలతలో చెప్పినచో దాని బలము సుమారు 1.8. ఊదారంగు వెలుతురు మూట బలము 3 పై చిల్లర. ఎలక్ట్రానును ఎత్తుటకు ఒక మూట చాలకున్నచో రెండు మూటలు కలిసి సాయము పట్టుట సాధారణముగా జరుగదు. కావున అంతరము ఎంత యను ప్రశ్నయే ముఖ్యము. వజ్రపు అంతరము 5.5. కంటికి కనబడు ఏ వెలుతురు మూటకును అంత బలము లేదు. అందువలన వెలుతురు దానిలో పట్టువడక సాగిపోవును, వజ్రము తేటగా కనబడును. సిలికాను అంతరము 1.12. కంటికి కనబడు వెలుతురంతయు దానిలో పట్టువడును.

అట్లయిన అంతరము ఎంత తక్కువయైన అంత మేలుగదా యని మా బాబాయి వంటివారు అడుగుదురు. కాదు. గట్టు మరీ తక్కువైనచో ప్రతి మూటయు నీటిని ఎత్తగలదు గాని, ఎక్కిన ఎత్తు తక్కువగుటచే జాలు వడి తక్కువ. బలమైన మూటలోని అదనపు బలమంతయు వేడిగా మాఱి వృథా యగును. గట్టు మరీ ఎక్కువైనచో వడి యుండును గాని, ఎత్తగల మూటలే కొలది. సిలికానులో ఎండయొక్క శక్తిలో సుమారు ఐదవ వంతు బలము చాలని మూటలుగా దాటిపోవును. దాదాపు మూడవ వంతు అదనపు బలముగా వేడియై పోవును. 1961 లో షాక్లీ, క్వైసరు అను ఇరువురు శాస్త్రజ్ఞులు అమెరికాలో ఈ లెక్క వేసి, ఒక్క పదార్థముతో చేసిన ఫలకము ఎంత మేలైనదైనను ఒక హద్దు దాటజాలదని చూపిరి. నేటి లెక్క ప్రకారము ఆ హద్దు నూటికి 33.7 పాళ్లు; అది అంతరము 1.34 వద్ద లభించును. 1954 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు చేసిన మొదటి మంచి సిలికాను ఫలకము నూటికి ఆఱు పాళ్లే పట్టినది. నేడు మన యిండ్లమీది ఫలకములు ఇరువది, ఇరువదిరెండు పాళ్లు పట్టుచున్నవి.

నాటి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామముల మేర 2017 లో వేయి మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము వెలసినది. ఆ దారిన పోయినవారు చూచియుందురు. చెఱువు నిండినట్లు కనుచూపు మేర నీలి పలకలే. అంత నేల పట్టు పనిలో ఒక పాలు అధికముగా వచ్చినను ఎన్ని యెకరములు మిగులునో రైతునకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కనుక సిలికాను కంటె మేలైన పదార్థము, లేదా సిలికానుతో జతకూడి మిగిలిన వెలుతురును పట్టు పదార్థము దొరకునా యని లోకమంతయు వెదకుచున్నది. మూలకములను రెండు మూడు నాలుగు చొప్పున కలిపినచో వచ్చు పదార్థములకు అంతు లేదు. ఒక్కొక్క దానిని కొలిమిలో వండి, పొర పోసి, కొలిచి చూచుటకు నెలలు పట్టును. వండకమునుపే లెక్కవేసి, దీని అంతరము ఇంత, ఇది పనికివచ్చును, ఇది పనికిరాదు అని చెప్పగలిగినచో ఎంత శ్రమ తగ్గును!

ఇచట లెక్క యనగా మనము ఎఱిగిన లెక్క కాదు. 1926 లో ష్రోడింగరు ఎలక్ట్రానుల నడవడికి సమీకరణము వ్రాసి యిచ్చెను. సూత్రము దొరకినది గాని సాధించుటకు వీలులేని యంత చిక్కుగా నున్నదని 1929 లోనే డిరాక్ పండితుడు ఒప్పుకొనెను. ఒక్క సిలికాను పరమాణువులో 14 ఎలక్ట్రానులు. ఒక్కటి కదలినచో తక్కినవన్నియు దానిని చూచి కదలును. వానిని చూచి మరల మొదటిది కదలును. ఆవగింజంత రాతిలో నున్న ఎలక్ట్రానులనన్నిటిని ఇట్లు లెక్కించుట మానవసాధ్యమును కాదు, యంత్రసాధ్యమును కాదు.

ఈ చిక్కునకు దారి చూపినవాడు వాల్టరు కోన్. ఈయన కథ వినదగినది. 1923 లో వియన్నా నగరమున యూదు కుటుంబమున పుట్టెను. పదునాఱేండ్ల ప్రాయమున, 1939 లో, హిట్లరు బారినుండి తప్పించుటకై తల్లిదండ్రులు ఈయనను ఇంగ్లండునకు పంపిరి. ఆ తల్లిదండ్రులను నాజీలు చంపిరి. ఇంగ్లండువారు ఈయనను శత్రుదేశీయుడని పట్టి కెనడా నిర్బంధ శిబిరమునకు పంపిరి. అక్కడ విడుదలయై చదువుకొని, అమెరికా చేరి, ఆచార్యుడాయెను. 1964 లో హోహెన్‌బర్గు అను వానితోను, 1965 లో షామ్ అను వానితోను కలిసి ఆయన చెప్పిన మాట యిది: జాతరకు వచ్చిన లక్షమందిలో ప్రతివాని పేరును, ప్రతివాని నడకయు మనకు అక్కఱలేదు. ఏ చోట జనము ఎంత చిక్కగా నున్నదో తెలిసిన చాలును. తెలియవలసినదంతయు ఆ చిక్కదనములోనే యిమిడి యున్నది. ఇది ఊహ కాదు, నిరూపించిన సిద్ధాంతము. దీనివలన కంప్యూటరులు పదార్థముల లెక్కలు చేయగలిగినవి. ఆయనకు 1998 లో నోబెలు బహుమానము వచ్చినది.

అయితే లోపము ఇక్కడనే బయటపడినది. ఈ పద్ధతితో రాతి గట్టిదనము, పరమాణువుల నడిమి దూరము మొదలైనవి లెక్కవేసినచో చక్కగా సరిపోవును. అంతరము లెక్కవేసినచో మాత్రము తక్కువ వచ్చును. సిలికానుకు 1.12 రావలసిన చోట సుమారు 0.6 వచ్చును. జర్మేనియముకు కొలతలో 0.67, లెక్కలో దాదాపు సున్న! అంతరము సున్న యనగా అది ఇనుము, రాగి వంటి లోహమన్నమాట. తొలినాటి ట్రాన్సిస్టరు రేడియోలలో పనిచేసినది జర్మేనియమే. లెక్క ప్రకారము అవి పాడనే కూడదు. మన యిండ్లలో అవి నిక్షేపముగా పాడినవి.

ఎందువలన ఈ తప్పు? లెక్కలో వాడిన ఉజ్జాయింపు మోటుదగుటచేత నని మొదట అందఱును తలచిరి. 1983 లో పెర్డ్యూ, లెవీ అనువారు ఒకవైపునను, షామ్, ష్లూటరు అనువారు ఇంకొకవైపునను విచారించి, ఉజ్జాయింపు దోషము కొంతయే. ఉజ్జాయింపు లేక నిర్దుష్టముగా చేసినను ఆ పద్ధతిలోని పట్టీల నడిమి దూరము నిజమైన అంతరము కానేరదని చూపిరి. ఈ షామ్ ఎవరు? ఆ పద్ధతిని కట్టిన యిరువురిలో నొకడు. తాను కట్టిన యింటికి తానే బీట చూపిన మేస్త్రీ! శాస్త్రజ్ఞులలో నాకు మిక్కిలి గౌరవము కలిగించిన సంగతి యిది.

దీని మర్మమును మా మనుమరాలు ఇట్లు చెప్పినది. "తాతయ్యా, మన యింటి నెల ఖర్చు మొత్తము వ్రాసిన పద్దు ఒకటి యున్నదనుకో. ఆ పద్దులో తప్పు లేదు. కాని రేపు ఒక చుట్టము వచ్చినచో ఎంత అదనమగునో, ఇంటివారిలో ఒకరు ఊరికి పోయినచో ఎంత మిగులునో ఆ పద్దును చూచి చెప్పగలవా?" అంతరమనగా సరిగా నిదే. ఉన్న ఎలక్ట్రానులలో ఒకదానిని తీసివేయుటకు పట్టు శక్తి యొకటి. క్రొత్తగా ఒకదానిని చేర్చినప్పుడు కలుగు శక్తి యొకటి. ఈ రెంటి భేదమే అంతరము. కోన్ పద్ధతి మొత్తపు పద్దును వాగ్దానము చేసినది గాని చుట్టము లెక్కను వాగ్దానము చేయలేదు. చెప్పనని చెప్పినవానిని అడిగి, తప్పు చెప్పెనని నిందించుట మనదే తప్పు.

చుట్టము లెక్కకు వేఱు పద్ధతి కలదు. క్రొత్తవాడు పందిట్లో వచ్చి కూర్చుండగా ఉన్నవారు కొంచెము జరిగి చోటిత్తురు గదా. ఆ జరుగుటను కూడ లెక్కలోనికి తెచ్చు మార్గమును 1965 లోనే స్వీడను దేశీయుడైన హెడిన్ వ్రాసియుంచెను. దానిని సిలికాను వంటి నిజమైన పదార్థములకు 1985, 86 సంవత్సరములలో హైబర్ట్‌సెన్, లూయీ అనువారు అమెరికాలో ప్రయోగింపగా కొలతకు మిక్కిలి చేరువగా వచ్చినది. కాని దానికి కంప్యూటరు శ్రమ ఎన్నో రెట్లు ఎక్కువ. అందుచేత చవుక లెక్క నేటికిని వాడుకలోనే యున్నది.

ఇక మా బాబాయి యడిగిన సీసపు పదార్థము సంగతికి వచ్చెదను. 1839 లో యూరల్ పర్వతములలో దొరకిన ఒక రాతికి గుస్టావ్ రోస్ అను జర్మను పండితుడు, పెరోవ్‌స్కీ అను రష్యా ప్రభువు పేర, పెరోవ్‌స్కైటు అని పేరుపెట్టెను. ఆ రాతి కట్టడమును పోలిన కట్టడము గల పదార్థములన్నిటికిని నేడు ఆ పేరే. సీసము, అయోడిను, మిథైలమోనియము అను కర్బనపు ముక్క కలిసిన పెరోవ్‌స్కైటును 1978 లో వేబర్ అనునతడు జర్మనీలో చేసెను. ముప్పదియేండ్లు దానిని ఎండలో పెట్టి చూచిన నాథుడు లేడు. 2009 లో జపానులో మియసాకా బృందము దానితో ఫలకము చేసి నూటికి 3.8 పాళ్లు రాబట్టినది. నేడు ఈ జాతి ఫలకములు ప్రయోగశాలలలో ఇరువదియాఱు పాళ్లు దాటినవి. సిలికానుకు ఏబదియేండ్లు పట్టిన దారిని ఇది పదునైదేండ్లలో నడచినది. అదియు గాజుమీద రంగు పూసినట్లు పూయదగిన పదార్థము. కొలిమిలో పెద్ద వేడి అక్కఱలేదు.

దీని అంతరము కొలతలో సుమారు 1.6. చవుక పద్ధతితో లెక్కవేసిరి. ఎంత వచ్చినది? 1.6! సిలికానుకు సగము చెప్పినది, జర్మేనియమును లోహమన్నది, దీనికి మాత్రము గుఱి తప్పక చెప్పినది. సంతోషించినవారు సంతోషించిరి.

ఇచట నా సొంత తప్పు ఒకటి చెప్పుకొనవలెను. ఒక యేడు పరీక్షలో మూడు మూలల చేని వైశాల్యము అడిగితిని. భూమి 60 గజములు, ఎత్తు 40 గజములు. రెంటిని గుణించి సగము చేయవలెను. 1200 చదరపు గజములు, పాతిక సెంట్లకు కొంచెము తక్కువ. ఒక పిల్లవాడు 40 ని 20 గా ఎక్కించుకొనెను. సగము చేయుట మఱచెను. అరువది ఇరువదులు పండ్రెండు వందలు! నా ముందు డెబ్బది పుస్తకములున్నవి, రాత్రి ప్రొద్దుపోయినది, చివరి పంక్తి చూచి నిండు మార్కులు వేసితిని. ఇరువదియేండ్ల పిమ్మట ఆ పిల్లవాడే, నలుగురు బిడ్డల తండ్రియై, తమ్మునితో పొలము పంచుకొనుచు మూడు మూలల తుండును తానే కొలిచెను. ఈసారి కొలతలు సరిగానే ఎక్కించుకొనెను. సగము చేయుట మాత్రము మునుపటివలెనే మఱచెను. తమ్మునికి రెట్టింపు నేల యిచ్చినట్లు కాగితము మీద పడినది. సర్వేయరు వచ్చి గొలుసు వేయగా నిజము తేలినది. అప్పటికి అన్నదమ్ములు మాటలాడుకొనుట మానివేసిరి. అతడు నా యింటికి వచ్చి, దాచుకొన్న ఆ పాత పరీక్ష పుస్తకము నా చేతికిచ్చి, "మీరు సరియని వ్రాసినారు గదా మాష్టారూ!" అనెను. నేను మొదటి పంక్తినుండి చదివినది ఆ దినమే.

సీసపు పదార్థము లెక్కలోను రెండు తప్పులు ఒకదాని నొకటి మ్రింగినవి. మొదటిది మీరు విన్నదే: చవుక పద్ధతి అంతరమును తగ్గించి చెప్పును. రెండవది సీసపు బరువునకు సంబంధించినది. సీసపు కేంద్రకములో 82 ధనావేశములున్నవి. అంత ఆకర్షణకు చిక్కిన లోపలి ఎలక్ట్రానులు వెలుతురు వేగములో సగమును మించిన వేగముతో తిరుగును. అంత వేగము గలవానికి ఐన్‌స్టీను సాపేక్ష సిద్ధాంతమును తప్పక వర్తింపజేయవలెను. ఇది ఎక్కడనో నక్షత్రముల సంగతి యనుకొనకుడు. బంగారమునకు పసుపు ఛాయ వచ్చుట ఇందువలననే. లేనిచో అది వెండివలె తెల్లగా నుండెడిది. మీ ట్రాక్టరులోని సీసపు బ్యాటరీ ఒక్కొక్క గదికి 2.1 వోల్టు ఇచ్చుచున్నది గదా. అందులో 1.7 నుండి 1.8 వఱకు ఈ సాపేక్ష ప్రభావము వలననే వచ్చుచున్నదని 2011 లో స్వీడను, ఫిన్లండు దేశముల శాస్త్రజ్ఞులు లెక్కవేసి చూపిరి. ఐన్‌స్టీను లేక ట్రాక్టరు కదలదు!

ఈ ప్రభావములో ఒక భాగము ఎలక్ట్రాను తన చుట్టు తాను తిరుగుటకును, కేంద్రకము చుట్టు తిరుగుటకును గల ముడి. ఈ ముడిని తొలి లెక్కలు విడిచిపెట్టినవి. 2013 లో ఫ్రాన్సులోని రెన్ నగరపు శాస్త్రజ్ఞులు దానిని లెక్కలో చేర్చిచూడగా అంతరము ఒక్కసారి ఒక ఎలక్ట్రాను వోల్టు మేర పడిపోయినది. 1.6 పోయి 0.6 మిగిలినది. లెక్క మెఱుగుపఱచిన కొలది జవాబు చెడినది! చూచువారికి ఇది వింత. నిజమేమనగా, ముడిని విడిచిన తప్పు అంతరమును ఒక వోల్టు పెంచుచుండెను. చవుక పద్ధతి తప్పు అంతే తగ్గించుచుండెను. రెండును కలిసి పిల్లవాని చేని లెక్కవలె సరిపోయినవి. 2014 లో ఇటలీ దేశీయులు ఉమారి, మోస్కోని, డి యాంజెలిస్ అనువారు ముడిని చేర్చి, హెడిన్ చూపిన చుట్టము లెక్కయు చేర్చి వేయగా 1.6 కు దగ్గఱగా మరల వచ్చినది. ఈసారి ప్రతి పంక్తికిని కారణముతో వచ్చినది.

జవాబు అదే యైనప్పుడు ఇంత శ్రమ యెందుకని అడుగుదురేమో. తగరము సంగతి వినుడు. సీసము విషము, బిడ్డల మెదడును చెఱచునది. కావున దాని స్థానమున అదే వంశపు తగరమును పెట్టి చేయవచ్చునా యని అందఱి ఆశ. తగరపు కేంద్రకావేశము 50 మాత్రమే. కనుక ముడి వలని మార్పు చాల తక్కువ. చవుక పద్ధతి తప్పు మాత్రము అట్లే యున్నది. మ్రింగుటకు రెండవ తప్పు చాలలేదు. ఫలితమేమి? కొలతలో 1.2, 1.3 ప్రాంతమున నున్న తగరపు పదార్థపు అంతరమును, సీసమునకు గుఱి తప్పక చెప్పిన ఆ లెక్కయే అందులో సగమని చెప్పినది. సీసము విషయమున నమ్మినవాడు తగరము విషయమునను నమ్మును. నమ్మి, అంతరము మరీ తక్కువ, పనికిరాదు, పాఱవేయుడు అనును. నిజమునకు 1.3 అనునది షాక్లీ చెప్పిన మేలైన అంతరమునకు ప్రక్కింటిదే. విషము తక్కువైన పదార్థమును తప్పుడు లెక్క గుమ్మముననుండియే పంపివేసియుండెడిది. ఇటలీవారు రెంటిని ఒకే కొలబద్దతో లెక్కవేసి, తగరమునకు 1.1 రాబట్టి, దాని పరువు నిలిపిరి.

పరువు నిలిచినది గాని పని ముగియలేదు. 2014 లోనే ఇంగ్లండునందును అమెరికాయందును తగరపు ఫలకములు చేసి ఆఱు పాళ్ల ప్రాంతమున రాబట్టిరి. తరువాత పదునాలుగు పాళ్లు దాటించిరి. కాని తగరము గాలి సోకినచో మాఱిపోవును. కోసిన వంకాయ నల్లబడినట్లు త్వరగా చెడును. అంతరపు లెక్క ఈ సంగతి చెప్పదు. అది అడుగదగిన ప్రశ్న వేఱు, దానికి వేయదగిన లెక్క వేఱు.

నేడు అమెరికాలోని బర్క్‌లీ వంటి చోట్ల లక్షకు పైగా పదార్థములకు లెక్కలు వేసి పట్టికలు కట్టి అందఱికిని తెఱచి యుంచినారు. ఆ అంతరములు చాలవఱకు చవుక పద్ధతివే, నిజముకంటె తక్కువగా నుండునని వారే అచట వ్రాసియుంచిరి, అది మెచ్చదగినది. ఆ పట్టికలను చదివి తానే అంతరములను ఊహించి చెప్పు యంత్రబుద్ధియు వచ్చినది. రెప్పపాటులో వేయి జవాబులు చెప్పునట. నాకు మా బడిలో ఎక్కములు చిలుకవలె అప్పగించు పిల్లలు జ్ఞప్తికి వచ్చిరి. పట్టికలో తప్పున్నచో ఆ తప్పునుకూడ తడబడక అప్పగించును. దూషించుట లేదు, అంత రాశిలో ఏది ముందు చూడవలెనో చెప్పుటకు అది గొప్ప సహాయమే. ధాన్యమునకు తూర్పారబట్టుట ఎట్టిదో అట్టిది. తూర్పారబట్టిన పిదప గింజను కొఱికి చూడక కొనువాడు లేడు గదా.

ఇప్పుడు మా బాబాయికి బదులు. బాబాయీ, ఇప్పుడు మన యిండ్లమీద నున్నవి సిలికాను పలకలు. పాతవగుటయు లేదు, పనికిరాకపోవుటయు లేదు. వాని అతుకులలోను కొంచెము సీసము ఉండవచ్చును; చెడిన పలకను చేని గట్టున పాఱవేయక అప్పగింపవలసిన వారికి అప్పగింపవలెను. క్రొత్తరకములో, సిలికాను మీద పెరోవ్‌స్కైటు పొర వేసి జోడించినవానిని, 2024 లో ఇంగ్లండు సంస్థ యొకటి మొదటిసారిగా అమెరికాకు అమ్మినది. ప్రయోగశాలలో ఈ జోడు 34 పాళ్లు దాటినది. ఒంటి పదార్థపు హద్దును మీఱినది. పై పొర బలమైన మూటలను, క్రింది సిలికాను బలహీనమైన మూటలను పట్టును. పై పొరకు తగిన అంతరము ఎంతయుండవలెనో, అయోడిను కొంత తగ్గించి బ్రోమిను ఎంత చేర్చినచో అంత వచ్చునో ముందుగా తెలిసికొనుటకు నేను చెప్పిన లెక్కలే తోడ్పడినవి. ఆ మేరకు లెక్కను నమ్ము.

కాని ఆ లెక్క నీ చేని సంగతి చెప్పదు. ఆ పొరలో చదరపు మీటరునకు సీసము ఒక గ్రాము లోపే. నీ ట్రాక్టరు బ్యాటరీలో కిలోల కొలది యున్నది. అయితే బ్యాటరీ సీసము డబ్బాలో మూతబడి యున్నది. దానిని కొనిపోవు వ్యాపారి యున్నాడు. ఈ పొర సీసము నీటికి లొంగు ఉప్పు. గాజు పగిలి వాన తగిలినచో నీటితో నేలలోనికి దిగజాలును. సిలికాను పలకకు ఇరువదియైదేండ్ల పూచీ ఇచ్చుచున్నారు. కనుక అమ్మువాడు వచ్చినప్పుడు ఎన్ని పాళ్లు పట్టునని అడుగుటకు ముందు, ఇది బయట ఎన్ని వానకాలములు నిలిచినది, పగిలినచో నీటిలో ఎంత దిగినదని ఎవరు కొలిచిరి, పాడైన పలకను ఎవరు తీసికొనిపోవుదురు అని అడుగుము. కాగితము చూపినచో చివరి పంక్తి చదివి విడువకుము. చదువుట నీకు కష్టమైనచో నా యొద్దకు తెమ్ము. ఈసారి మొదటినుండి చదివెదను.

మా మనుమరాలి జాబు నిన్న వచ్చినది. తగరముతో చేసిన ఒక పదార్థమునకు ముడిని చేర్చి, చుట్టము లెక్కయు వేసి ముగించినదట. యంత్రము పదునొకండు రాత్రులు తిరిగినదట. వచ్చిన అంకె బాగుగానే యున్నదట. కాని ఎంతయో నాకు వ్రాయలేదు. ప్రయోగశాలలోని స్నేహితులు ఆ పదార్థమును వండి కొలిచినదాక చెప్పనన్నది. సంక్రాంతికి కొలత వచ్చునట.